వరిలో గూళ్ళ పురుగు: శ్వాస నిర్మాణం – నీటి యాజమాన్యం

ఘంటసాల, చల్లపల్లి పరిసరాల పల్లపు మాగాణుల్లో నాట్లు వేసిన తొలి వారాలలో వరి ఆకుల కొనలు కత్తెరతో కత్తిరించినట్లు తెగిపోయి, నీటిపై చిన్న ఆకు గొట్టాలు తేలుతుంటే అది గూళ్ళ పురుగు ఉనికికి గుర్తు. పైరు కోలుకున్నా కోత వారం పది రోజులు వెనుకబడవచ్చు. నేలలో మిగిలిన తేమను నమ్ముకొని వరి తరువాత మినుము చల్లే ఈ ప్రాంతంలో ఆ జాప్యం చిన్నది కాదు. పొలంలో నీరు తీసివేయాలన్న సిఫారసు పాతదే. అది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో పురుగు శ్వాసావయవాలను పరిశీలిస్తేనే బోధపడుతుంది.

కీటకాల లార్వాలలో అధికభాగం శ్వాసరంధ్రాల ద్వారా గాలిని నేరుగా వాయునాళాలలోకి తీసుకుంటాయి. తేమ మట్టిలో పెరిగే ఇసుక ఈగ లార్వాకు ఎదిగిన దశలో ఈ రంధ్రాలు ముందొక జత, వెనుకొక జత ఉంటాయి. క్యూలెక్స్ దోమ లార్వా నీటిలోనే ఉన్నా, వెనుక భాగపు శ్వాసగొట్టాన్ని ఉపరితలానికి ఆనించి గాలినే పీలుస్తుంది. గూళ్ళ పురుగు తీరు వేరు. దాని శరీరానికి ఇరుప్రక్కలా సన్నని దారాల వంటి మొప్పలుంటాయి. వాటిలో వ్యాపించిన వాయునాళాలలోకి నీటిలో కరిగిన ఆక్సిజన్ పలుచని చర్మం గుండా చేరుతుంది. రెక్కల పురుగుల లార్వాలలో ఇది అరుదైన ఏర్పాటు.

కనుక ఆకు గూడును కేవలం రక్షణ కవచంగా భావించడం సరికాదు. అది నీటి పాత్ర కూడా. ఆకు మీదికి ప్రాకి మేసేటప్పుడు సైతం పురుగు గూటిలోని నీటితోనే శ్వాసిస్తుంది. నీరు పైపైన దించి, గుంటలలో మిగిల్చితే ప్రయోజనం ఉండకపోవడానికి కారణమిదే. మడి చదునుగా లేనిచోట చిన్న కాలువలు తీసి, రెండు మూడు రోజులు నీరు నిలువకుండా చూడాలి. ముందుగా పైరుపై తాడు లాగి గూళ్ళను నీటిలో పడవేయాలి. డెల్టాలో పై మడి నీరు క్రింది మడికే చేరుతుంది గనుక గండి వద్ద వల కట్టి గూళ్ళను ఏరివేయకపోతే, పురుగును పొరుగు పొలానికి పంపినట్లే.

కాలువ శివారు రైతు నీరు వదలడానికి వెనుకాడుతాడు. మళ్ళీ వంతు ఎప్పుడు వస్తుందో అతనికి నమ్మకం లేదు. ఆ సంశయం న్యాయమైనదే. పిలకల దశలో యూరియా వేయడానికి ఎలాగూ నీరు తీసి, బురద పదునులో చల్లి, 36–48 గంటల తరువాత తిరిగి నీరు పెడతారు. తాడు లాగడం, గూళ్ళు ఏరడం ఆ నీరు తీసే వేళకే కుదుర్చుకొని, ఆ వ్యవధిలో మడిలో ఎక్కడా గుంట నీరు లేకుండా చూస్తే, అదనంగా మరొక తడి ఖర్చు కాదు.