తెలిసిన మాటలే వినబడని వేళ: పరభాషా శ్రవణంలో ఆకస్మిక అంతరాయాలు

తెలుగు మాధ్యమంలో చదువుకొని వేదాంత కళాశాలలో చేరిన విద్యార్థికి ఇంగ్లీషు ఉపన్యాసం మొదటి సంవత్సరపు పెద్ద పరీక్ష. మాటలకు అర్థం తెలియకపోవడం అందరూ ఎరిగిన కష్టమే. దానికి నిఘంటువు ఉంది. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచింది దానికంటె వింతైన మరొక కష్టం. అంతవరకు చక్కగా అర్థమవుతున్న ఉపన్యాసం, ఏ హెచ్చరికా లేకుండా, ఒక్కసారిగా అర్థం కాకుండా పోతుంది. మాటలన్నీ తెలిసినవే. కాగితం మీద చూపిస్తే విద్యార్థి చదివి అర్థం చెప్పగలడు. చెవికి మాత్రం అవి అందవు.

మేము బోధించిన ఒక కళాశాలలో ఇటువంటి విద్యార్థి ఒకడు ఉండేవాడు. జూన్‌లో చేరాడు. ఆగస్టు నాటికి సంఘచరిత్ర ఉపన్యాసాలను చాలావరకు అనుసరించగలిగాడు, ప్రశ్నలు కూడా అడిగేవాడు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం పాఠం నడుస్తుండగా అతని కలం ఆగిపోయింది. ఆ వారంలో మళ్లీ రెండుసార్లు అలాగే జరిగింది. “సార్, శబ్దం వినబడుతూనే ఉంది, మాట వినబడటం లేదు” అన్నాడు. మేము దానిని సాకుగా తీసుకొని, అతని నివేదికలో “శ్రద్ధ తగ్గింది” అని రాశాము. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్లినవాడు ఇక తిరిగి రానని ఉత్తరం రాశాడు. తోటి విద్యార్థులు వెళ్లి నచ్చజెప్పి తీసుకొచ్చారు. మేము రాసిన నివేదిక తప్పనీ, అతడు చెప్పిన ఆ ఒక్క వాక్యమే సమస్యకు సరియైన వర్ణన అనీ మాకు అర్థం కావడానికి మరికొంత కాలం పట్టింది.

నిజానికి ఆ వర్ణన మనకు కొత్తది కాకూడదు. హెబ్రీ భాషలో ‘షామా’ అనే క్రియ వినడానికీ, ఒక భాషను గ్రహించడానికీ కూడా వాడబడింది. ఆదికాండము 11:7లో బాబెలు దగ్గర భాషలు తారుమారైనప్పుడు వాడిన క్రియ అదే. 42:23లో యోసేపు తమ మాటలు గ్రహిస్తున్నాడని అన్నలకు తెలియలేదని చెప్పేచోటా అదే. 2 రాజులు 18:26లో హిజ్కియా అధికారులు తమకు అరామిక్ భాష తెలుసునని రబ్షాకేతో చెప్పినప్పుడూ అదే. గ్రీకులో ‘అకూఓ’ 1 కొరింథీయులకు 14:2లో ఇదే పని చేస్తుంది. చెవిని శబ్దం తాకడం, మనస్సు మాటను అందుకోవడం అనే రెండు పనులను ఈ భాషలు ఒక్క క్రియలో ఇముడ్చుకున్నాయి. మాతృభాషలో ఈ రెండూ ఎప్పుడూ జంటగానే నడుస్తాయి గనుక వేరని మనకు తోచదు. పరభాషలో ఆ జంట విడిపోతుంది. (హెబ్రీ, గ్రీకు భాషలను మనం కంటికే నేర్పిస్తున్నాము, చెవికి నేర్పడం లేదు. అందుచేత మన విద్యార్థికి శ్రవణ శిక్షణ ఎక్కడా దొరకడం లేదన్నది వేరే సంగతి.)

ఆ జంట ఎందుకు విడిపోతుంది? విన్న శబ్దం మన తాత్కాలిక స్మృతిలో నిలిచే కాలం చాలా తక్కువ. అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో ప్రతిపాదించి, తరువాత బాడ్లీ విస్తరించిన నమూనా ప్రకారం, మనస్సులో మళ్లీ చెప్పుకోకపోతే శబ్దపు జాడ సుమారు 2 సెకన్లలో చెరిగిపోతుంది. ఆ లోపలే దానిని మాటలుగా విడదీయాలి, వాక్యంగా కూర్చాలి, అర్థాన్ని పక్కన పెట్టుకోవాలి, తరువాతి శబ్దానికి చోటు ఇవ్వాలి. మాతృభాషలో ఈ పనులు వాటంతటవే జరిగిపోతాయి. పరభాషలో ఒక్కొక్క పనికి శ్రద్ధ వెచ్చించాలి, ఆ శ్రద్ధకు పరిమితి ఉంది.

ఇప్పుడు ఉపన్యాసంలో ఒక మాట తట్టుకుందనుకోండి. అది తెలియని మాటే కానక్కరలేదు, తెలిసినట్టే ఉండి జ్ఞాపకానికి రాని మాట కావచ్చు. “ఇదేమిటి?” అని విద్యార్థి మనస్సు అక్కడ నిలబడుతుంది. ఉపన్యాసకుడు నిమిషానికి సుమారు 140 మాటలు మాట్లాడుతున్నాడనుకుంటే, ఆ నిలబడిన 5 సెకన్లలో పదకొండు, పన్నెండు మాటలు దాటిపోతాయి. మనస్సు తిరిగి వచ్చేసరికి వాక్యం సగంలో ఉంటుంది. కర్త ఎవరో తెలియదు, ‘అతడు’ అంటే ఎవరో తెలియదు. ఆ తప్పిన భాగాన్ని ఊహించబోతే మరికొన్ని మాటలు పోతాయి. ఒక్క మాట దగ్గర మొదలైన అంతరాయం ఈ విధంగా నిమిషాల పాటు సాగుతుంది. సింగపూర్‌లో ఇంగ్లీషు నేర్చుకుంటున్న చైనా విద్యార్థుల శ్రవణ సమస్యలను క్రిస్టీన్ గో పరిశీలించి 2000లో ప్రచురించారు. విన్నది వెంటనే మరచిపోవడం, తెలిసిన మాటలనే వినికిడిలో గుర్తుపట్టలేకపోవడం, ఒకదాని అర్థం ఆలోచిస్తూ తరువాతి భాగాన్ని పోగొట్టుకోవడం ఆ విద్యార్థులు తరచుగా చెప్పిన ఇబ్బందులలో ఉన్నాయి. మా విద్యార్థి అక్టోబరులో చెప్పింది ఇదే గదా!

తెలుగు చెవికి ఇందులో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. మన మాటలలో అధికభాగం అచ్చులతో ముగుస్తాయి, అందుకే తెలుగును అజంత భాష అంటారు. మన చెవి మాత్రలను లెక్కించే చెవి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని ఛందస్సులో నేర్చుకున్నది పద్యానికే పరిమితం కాదు. లలిత మూర్తి, తకాషి ఒటాకె, ఆన్ కట్లర్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, తెలుగు వారు జపనీస్ మాటలను విడదీసుకునే తీరు జపనీయుల తీరును పోలి ఉన్నదని తేలింది. రెండు భాషలకూ చుట్టరికం లేదు, మాత్రల లయ మాత్రం ఒకటే. ఇంగ్లీషు లయ వేరు. ఇంగ్లీషు శ్రోత గట్టిగా ఊనిన అక్షరం దగ్గర కొత్త మాట మొదలైందని ఊహిస్తాడని కట్లర్, నోరిస్ 1988లో చూపించారు. ఊనిక లేని అక్షరాలను ఆ భాష దాదాపు మింగేస్తుంది. ‘ఫస్ట్ ఆఫ్ ఆల్’ అని మనం మూడు మాటలుగా చదువుకున్నది ‘ఫస్టవాల్’ అని చెవిన పడుతుంది. ‘నాట్ ఎట్ ఆల్’ అమెరికా వారి నోట ‘నాడెడాల్’ అవుతుంది. ప్రతి అక్షరానికీ దాని మాత్ర ఇచ్చే అలవాటున్న మన చెవి అక్కడ లేని అచ్చుల కోసం వెదకుతుంది. అయితే ఈ విషయంలో మనం ఇంగ్లీషు వారిని తప్పు పట్టలేము. ‘వాడు ఎక్కడ’ అన్నది మన నోట ‘వాడెక్కడ’ అవుతుంది, తెలుగు నేర్చుకునే పరదేశి కూడా ఆ సంధి దగ్గర ఇలాగే నిలబడిపోతాడు.

అయితే ఆగస్టులో అర్థమైనది అక్టోబరులో ఎందుకు తప్పింది? విద్యార్థులను ఎక్కువగా కుంగదీసేది ఈ ప్రశ్నే. వెనుకకు జారిపోతున్నానని వారు అనుకుంటారు. మా అభిప్రాయంలో చాలాసార్లు జరిగేది దానికి విరుద్ధం. మొదటి నెలలలో విద్యార్థి అక్కడొక మాట, ఇక్కడొక మాట పట్టుకొని, పేర్లను బట్టి, నల్లబల్లను బట్టి సారాంశం ఊహించుకొని తృప్తిపడతాడు. భాష కొంత వచ్చిన తరువాత ప్రతి మాటనూ పట్టుకోవాలనే ఆశ పుడుతుంది. ఆ ఆశే శ్రద్ధ మీద భారం పెంచుతుంది. పాఠం కథనం నుండి సిద్ధాంత చర్చకు మారిందంటే భారం ఇంకా పెరుగుతుంది. నికేయ సభకు ఎవరెవరు వచ్చారో వినడం వేరు, అక్కడ వాదించుకున్న మాటల మధ్య తేడా వినడం వేరు.

దీనికి అలసట, గది తోడవుతాయి. పంకాల చప్పుడులో ఒక అక్షరం కలిసిపోతే మాతృభాషా శ్రోత దానిని తెలియకుండానే పూరించుకుంటాడు. రిచర్డ్ వారెన్ 1970లో ఒక మాటలోని ధ్వనిని తీసివేసి దాని స్థానంలో దగ్గు చప్పుడు పెడితే, ధ్వని పోయిందని శ్రోతలు కనిపెట్టలేకపోయారు. పరభాషలో మనకు ఆ పూరింపు శక్తి తక్కువ. ఒకసారి తప్పిన తరువాత “మళ్లీ తప్పుతుందేమో” అనే భయం కూడా శ్రద్ధలో తన వాటా తాను తీసుకుంటుంది.

తరగతి గదిలో తప్పితే నష్టం విద్యార్థిది. వేదిక మీద తప్పితే నష్టం సభ అంతటిది. మాలో ఒకరు ఒక కూటంలో అమెరికా ప్రసంగీకునికి తర్జుమా చేస్తుండగా జరిగిన పొరపాటును ఇక్కడ ఒప్పుకోవాలి. మన క్రియల చేత రక్షణను సంపాదించుకోలేము అని ప్రసంగీకుడు చెప్పాడు. సంపాదించుకోగలము అని సభకు తెలుగులో చేరింది. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన తలెత్తి చూశారు, అంతే. సంస్కరణోద్యమమంతా ఒక్క ‘ట్’ దగ్గర తలక్రిందులైంది.

ఆ ‘ట్’ సంగతి ప్రతి అనువాదకుడూ తెలుసుకోవాలి. ‘క్యాన్’ అనే మాటను మనం బడిలో నిండుగా పలకడం నేర్చుకున్నాము. అమెరికా వారు మామూలు వాక్యంలో దానిని ‘కన్’ అని తేలికగా దాటేస్తారు. ‘క్యాంట్’లో మాత్రం అచ్చును ఊని పలికి, చివరి ‘ట్’ను తరచుగా విడిచిపెట్టరు, లోపలే ఆపేస్తారు. అందుచేత మన చెవికి నిండుగా ‘క్యాన్’ అని వినబడినది తరచుగా ‘క్యాంట్’ అయి ఉంటుంది. ఆ ‘ట్’ కోసం ఎదురు చూడడం కంటె అచ్చు మీది ఊనికను గమనించడం మేలు. పైగా తెలుగులో వ్యతిరేకార్థం వాక్యం చివర క్రియలో చేరుతుంది, ఇంగ్లీషులో ముందే వచ్చి దాటిపోతుంది. అనువాదకుడు దానిని వాక్యమంతా మోసుకొనిపోయి చివర దించాలి. నడుమ ఒక కఠినమైన మాట తగిలితే చేతిలోది జారిపోతుంది.

తప్పినప్పుడు అనువాదకుడు చేసే పని ఏమిటి? మనకు వాడుకైన భక్తివాక్యాలు సిద్ధంగా ఉంటాయి, వాటిలో ఒకటి వేసి ఖాళీ నింపుతాము. జనం “ఆమేన్” అంటారు. ఈ అలవాటును మేము అబద్ధం అనే అంటాము. ప్రసంగీకుని వైపు తిరిగి “మరొకసారి చెప్పండి” అని అడగడం అవమానమేమీ కాదు. సభకు ముందు అరగంట ఆయనతో కూర్చొని వచనాలు, పేర్లు, అంకెలు, ఉదాహరణలు తెలుసుకుంటే అడగవలసిన అవసరమే సగం తగ్గుతుంది. చిన్న వాక్యాలలో చెప్పమని కూడా అప్పుడే చెప్పుకోవచ్చు.

విద్యార్థి విషయంలో మేము నేర్చుకున్నది ఒక చిన్న ఉపాయం. మాట తప్పిన చోట ఆగకుండా నోట్సులో ఒక ఖాళీ గీత గీసి ముందుకు సాగాలి. ‘బట్’, ‘సో’, ‘హౌఎవర్’ వంటి మలుపు మాట వచ్చినప్పుడు దానిని పట్టుకొని మళ్లీ లోపలికి ప్రవేశించాలి. వినిపోవడానికి అనుమతి ఇచ్చుకున్న మాట అంతగా భయపెట్టదు. గదిలో చేసే సాధన వేరు. ఒకటి, రెండు నిమిషాల రికార్డును రాతప్రతి చూడకుండా వినాలి, ఎక్కడ తప్పిందో గుర్తు పెట్టాలి, తరువాత రాతప్రతి చదవాలి, మళ్లీ వినాలి. తప్పిన చోట ఉన్న మాటలలో ఎన్ని తనకు ముందే తెలిసినవో చూసి విద్యార్థి ఆశ్చర్యపడతాడు. గంటసేపు ప్రసంగాలను ఊరికే పెట్టుకొని వినడం కంటె రోజుకు పది నిమిషాల ఈ సాధన ఎక్కువ పనిచేయడం మేము చూశాము. అధ్యాపకులుగా మేము పేర్లనూ కొత్త పారిభాషిక పదాలనూ ముందే బల్లమీద రాయడం, పది నిమిషాలకొకసారి ఆగి జరిగినది రెండు మాటలలో చెప్పడం మొదలుపెట్టాము. ఇవి మాకు ముందే తట్టవలసింది.

జనవరిలో తిరిగి వచ్చిన ఆ విద్యార్థి నోట్సు పుస్తకాన్ని మేము వారం వారం చూసేవాళ్లము. మొదటి పేజీలలో మాటలకంటె గీతలే ఎక్కువ. సాయంత్రం స్నేహితుని నోట్సు చూసి ఆ గీతల మీద పెన్సిలుతో నింపేవాడు. మార్చి నాటికి పేజీకి నాలుగైదు గీతలు మిగిలాయి. మేము అతని నివేదికను వెనుకకు తెప్పించి, ఆ రెండు మాటలు కొట్టివేశాము.