ఏ పెట్టెలో ఏముందో ఎవరికి తెలుసు?

బదిలీల మీద ఊళ్ళు తిరిగే మన ఇళ్ళలో సామాను సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది. రోజూ వాడేవి బీరువాలో. చలికాలపు రజాయిలు, కిందటి తరగతుల పుస్తకాలు మంచం కింద ట్రంకుపెట్టెల్లో. ప్రతిసారీ మోసుకుపోలేనివి సొంతూళ్ళో అమ్మమ్మగారింటి అటక మీద. దగ్గరున్న చోటు ఇరుకు, దూరమున్న చోటు విశాలం. లక్షల కోట్ల అక్షరాలంత సమాచారాన్ని దాచే పెద్ద కంప్యూటర్ కేంద్రాలు కూడా ఇదే పద్ధతి పాటిస్తాయి. దాన్ని అంచెల నిల్వ అనవచ్చు.

అమెరికాలోని కొన్ని జాతీయ ప్రయోగశాలలు, ఐబీఎం సంస్థ కలిసి 1992లో ఇలాంటి నిల్వ కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారీ మొదలుపెట్టాయి. పేరు హై పెర్ఫార్మెన్స్ స్టోరేజ్ సిస్టమ్, పొట్టిగా హెచ్‌పీఎస్‌ఎస్. వాతావరణ పరిశోధన వంటి పనుల్లో దీన్ని వాడుతున్నారు. అక్కడ దాచేది తేలికైన సరుకు కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక రోజు కొలిచిన ఉష్ణోగ్రతను పోగొట్టుకుంటే ఆ రోజును తిరిగి తెచ్చి మళ్ళీ కొలవలేం కదా!

ఇందులో కొత్తగా వచ్చిన ఫైల్ ముందు డిస్కు మీదికి చేరుతుంది. తరువాత దాని నకలు టేపు మీదికి వెళుతుంది. టేపు అనగానే తాతగారి పాటల క్యాసెట్టు గుర్తొచ్చి నవ్వకండి. ఎల్‌టీఓ-9 రకం కాట్రిడ్జ్ ఒక్కటి అరచేతిలో ఇమిడిపోతుంది. లోపల 1,035 మీటర్ల టేపు, దాని మీద 18 టెరాబైట్ల చోటు. అరలో ఊరికే ఉన్నంతకాలం దానికి కరెంటు అక్కరలేదు. అయితే కావాలన్నప్పుడు రోబో చెయ్యి దాన్ని తీసి డ్రైవులో పెట్టాలి, టేపు సరైన చోటిదాకా తిరగాలి. అంతసేపు ఆగక తప్పదు.

ఇంత పని ఒక్క సర్వర్‌కు అప్పగించరు. జాబితా రాసేవారు వేరు, మూటలు మోసేవారు వేరు. జాబితా పని కోర్ సర్వర్‌ది: ఏ ఫైల్ పేరేమిటి, ఏ డిస్కులో లేదా ఏ కాట్రిడ్జ్‌లో, ఏ భాగంలో ఉందన్నది దానికే తెలుసు. మోసేవి మూవర్లు. కాట్రిడ్జ్‌లను డ్రైవుల్లోకి ఎక్కించి దింపే ఏర్పాట్లు మరో రెండు సర్వర్లు చూసుకుంటాయి. డిస్కు నుంచి టేపుకు నకలు పంపి, ఆ నకలు చేరాకే డిస్కు మీద చోటు ఖాళీ చేయించేది ఇంకొకటి. ఈ వరుస తారుమారైతే ఫైల్ రెండు చోట్లా లేకుండా పోతుంది.

మాకు ఇందులో బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఫైల్ ఎక్కడుందో కోర్ సర్వర్ చెబుతుంది కాని, ఫైల్ మాత్రం దాని గుండా ప్రయాణించదు. మూవర్ నుంచి నేరుగా అడిగినవారి కంప్యూటర్‌కు వెళుతుంది. కాబట్టి రాకపోకలు పెరిగితే మూవర్లను పెంచితే చాలు. కోర్ సర్వర్‌కు కావలసింది మంచి మెమరీ, వేగమైన చిన్న డిస్కులు.

ఎన్ని డ్రైవులు కొనాలో ఒక లెక్క వేద్దాం. తెలుగు మాస్టారికి లెక్కలెందుకని గణితంవారు నొచ్చుకోకూడదు మరి. రోజుకు 100 టెరాబైట్లు వస్తున్నాయనుకుందాం. ఒక డ్రైవు సెకనుకు 400 మెగాబైట్లు రాస్తుంది. అన్నీ రాయడానికి 2,50,000 సెకన్లు కావాలి. రోజుకున్నవి 86,400. అంటే మూడు డ్రైవులు ఒక్క క్షణం ఆగకుండా తిరగాలి. రెండు నకళ్ళు ఉంచాలంటే ఆరు. పాత ఫైళ్ళు అడిగేవారి కోసం, మరమ్మతుల కోసం, కాట్రిడ్జ్ మార్చే వ్యవధి కోసం ఇంకొన్ని. పదికి తక్కువ పెడితే కష్టమే. నిండు కాట్రిడ్జ్ ఒక్కటి మొదటినుంచి చివరిదాకా చదవడానికే పన్నెండున్నర గంటలు పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

టెరాబైట్లు మాత్రమే లెక్కపెడితే చాలదు. ఒక్కొక్కటి ఒక కిలోబైటు ఉన్న ఫైళ్ళు 10 కోట్లు వచ్చాయనుకోండి. మొత్తం 100 గిగాబైట్లే, కాట్రిడ్జ్‌లో ఒక మూలకు సరిపోతాయి. కాని జాబితాలో 10 కోట్ల పద్దులు చేరతాయి! గుండుసూదులు ఒక్కొక్కటీ వేరే డబ్బాలో సర్ది, ప్రతి డబ్బాకూ నంబరు వేసినట్టు. టేపుకూ ఇది ఇబ్బందే. చిన్న చిన్న ఫైళ్ళను విడివిడిగా రాయాలంటే మాటిమాటికీ ఆగి బయలుదేరాలి. అందుకే చిన్నవాటిని మూట కట్టి ఒకేసారి రాసే సౌకర్యం హెచ్‌పీఎస్‌ఎస్‌లో ఉంది. కోర్ సర్వర్ ఎంత పెద్దది కావాలో తేల్చేది ముఖ్యంగా ఫైళ్ళ సంఖ్య. వాటి బరువు తేల్చేది డిస్కులను, టేపులను, మూవర్లను.

ఇక అసలు భయం జాబితా గురించి. ఒక కాట్రిడ్జ్ పాడైతే దానిలోని ఫైళ్ళకే నష్టం, రెండో నకలుంటే అదీ లేదు. జాబితా పోతే మాత్రం వేల కాట్రిడ్జ్‌లు అరల్లో క్షేమంగా ఉండి కూడా ఏది ఎవరిదో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేవారుండరు. హెచ్‌పీఎస్‌ఎస్ ఈ జాబితాను డీబీ2 అనే డేటాబేస్‌లో రాస్తుంది. ప్రణాళిక వేసేవారు దానిని ఫైళ్ళుండే డిస్కుల్లో కలపకుండా విడి డిస్కుల మీద జంటగా ఉంచాలి. కోర్ సర్వర్ ఆగిపోతే అందుకోవడానికి మరో యంత్రాన్ని సిద్ధంగా పెట్టాలి. జాబితా నకలు తరచూ తీసి వేరే భవనానికి పంపాలి. అప్పుడప్పుడూ ఆ నకలును ఖాళీ యంత్రం మీదికి ఎక్కించి, నాలుగు పాత ఫైళ్ళ పేర్లు అడిగి, అవి నిజంగా దొరుకుతున్నాయో లేదో చూడాలి.