సమావేశ నిర్వహణ: ఎజెండా నుంచి మినిట్స్ వరకు

చట్టం ఏం కోరుతుందో ముందుగా చూద్దాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టర్ల బోర్డు సాధారణంగా ఏడాదికి కనీసం 4 సార్లు సమావేశం కావాలి. వరుసగా జరిగే రెండు సమావేశాల మధ్య 120 రోజులకు మించి వ్యవధి ఉండకూడదు. కనీసం 7 రోజుల ముందు ప్రతి డైరెక్టరుకూ లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, వీటిలో ఏది ఎక్కువైతే అది కోరం. భిన్నం వస్తే పై సంఖ్యను తీసుకోవాలి. అంటే 10 మంది డైరెక్టర్లున్న కంపెనీకి నలుగురు హాజరు కావాలి. పరీక్షలో ఈ అంకెలు తప్పక అడుగుతారు.

అయితే ఇవన్నీ పాటించిన సమావేశం కూడా ఏమీ తేల్చకుండానే ముగియవచ్చు. సమావేశం చెల్లుతుందా లేదా అన్నదే చట్టం చూస్తుంది. పని జరిగేలా చూసుకోవలసింది నిర్వాహకులే. అది ఎజెండా రాసేటప్పుడే మొదలవుతుంది.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉందనుకోండి. సీజను ముందు భాగస్వాములు సమావేశమవుతున్నారు. ఎజెండాలో '3. నిల్వ ఛార్జీలు' అని మాత్రమే ఉంటే ఏమవుతుంది? ఒకరు కరెంటు బిల్లు గురించి, మరొకరు పాత బకాయిల గురించి, ఇంకొకరు పక్క గిడ్డంగి గురించి మాట్లాడతారు. గంట గడుస్తుంది. 'వచ్చేసారి చూద్దాం' అంటూ లేస్తారు. ఈలోగా సరుకు గేటు ముందుకు వస్తుంది, ఏ రేటు చెప్పాలో గుమాస్తాకు తెలియదు. అదే అంశాన్ని 'ఈ సీజనుకు టిక్కీకి నిల్వ ఛార్జీ పెంచాలా? పెంచితే ఎంత, ఏ తేదీ నుంచి?' అని రాసి, గత ఏడాది విద్యుత్ ఖర్చు, నిల్వ చేసిన టిక్కీల లెక్క జతచేసి ముందే పంపితే, వచ్చేవారు జవాబు ఆలోచించుకుని వస్తారు. ప్రశ్నగా రాయడానికి వీలుకాని అంశం చాలావరకు సమాచారమే. దానికి ఒక సర్క్యులర్ చాలు, పదిమందిని కూర్చోబెట్టి టీలు తెప్పించనక్కరలేదు.

చర్చలో అధ్యక్షుడు తన అభిప్రాయాన్ని చివరగా చెప్పడం మంచిది. మన దగ్గర పెద్దవారు ఒక మాట అన్నాక కాదనేవారు అరుదు. గేటు దగ్గర రైతులతో రోజూ మాట్లాడే గుమాస్తాను సమావేశానికి పిలిచి, ముందుగా అతన్ని అడిగితే, ఛార్జీ పెంచితే సరుకు ఎటు పోతుందో అతనే చెబుతాడు.

ఇక మినిట్స్. సమావేశం ముగిసిన 30 రోజుల్లోగా వీటిని పుస్తకంలో నమోదు చేయాలని చట్టం చెబుతోంది. ఎవరు ఏమన్నారో పూస గుచ్చినట్లు రాయనవసరం లేదు. జరిగినదాని సరైన, న్యాయమైన సారాంశం ఉంటే చాలు. చట్టప్రకారం రాసిన మినిట్స్ ఆ సమావేశంలో జరిగినదానికి సాక్ష్యంగా నిలుస్తాయి. అందుకే 'చర్చించడమైనది', 'తగు చర్య తీసుకోవాలని నిర్ణయించడమైనది' వంటి వాక్యాలు ప్రమాదకరం. చర్య ఎవరు తీసుకోవాలి? ఎప్పటిలోగా? మూడు నెలల తరువాత 'నాకు చెప్పలేదు' అని ఒకరు, 'మీకే అప్పగించాం' అని మరొకరు వాదించుకునేది ఇలాంటి వాక్యాల దగ్గరే.

మీ ఊళ్లో మహిళా స్వయం సహాయక సంఘం సమావేశాన్ని ఒకసారి గమనించండి. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ: ఈ పంచసూత్రాల్లో మొదటిది సమావేశమే. ఎవరికి ఎంత అప్పు, ఏ వాయిదాలో తీర్చాలి అన్నది సభ్యుల ఎదుటే తేల్చి, అక్కడికక్కడే తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు తీసుకునే సంఘం మీకు కనిపిస్తే, ఆ పుటను శ్రద్ధగా చదవండి. పెద్ద కంపెనీల మినిట్స్‌లో కూడా అంత స్పష్టత అన్నిసార్లూ ఉండదు.

అభ్యాసం: కోల్డ్ స్టోరేజీ భాగస్వాములు ఛార్జీ పెంచాలనే నిర్ణయించారనుకుని, ఆ తీర్మానాన్ని మూడు వాక్యాలకు మించకుండా రాయండి. సమావేశానికి రాని వ్యక్తికి దాన్ని ఇచ్చి, రేపు ఉదయం ఎవరు ఏం చేయాలో చెప్పమనండి.