అండమాన్ గగనతలంలో ఆ మూడున్నరేళ్లు

1942 ఫిబ్రవరి 19న ఆస్ట్రేలియాలోని డార్విన్ మీద జపాన్ బాంబులు కురిశాయి. మార్చి 23న పోర్ట్ బ్లెయిర్ జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అంతా 46 రోజుల్లోనే! మన దేశంలో జపాన్ చేతికి ముందుగా చిక్కింది, ఎక్కువ కాలం చిక్కుకుపోయింది అండమానే. 1945 అక్టోబరు 7న జింఖానా మైదానంలో జపాన్ సేనలు లొంగిపోయేదాకా ఆ దీవులకు విముక్తి లేదు.

డార్విన్‌ను ఆ తర్వాత గాలిలో కాచినవారిలో ఒకరు క్లైవ్ కాల్డ్‌వెల్, రెండో ప్రపంచ యుద్ధంలో అత్యధిక విమానాలు కూల్చిన ఆస్ట్రేలియా పైలట్. లెక్క 28.5. మరొకరితో కలిసి కూలిస్తే వాటా పంచుతారు, ఆ అర అలా వచ్చిందే. వయసు మీరిందంటారని కాగితాల్లో పుట్టిన తేదీ దిద్ది మరీ వైమానిక దళంలో చేరాడు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఇసుక మీద పరుగెత్తే తోటి విమానాల నీడలపై కాల్చి గురి నేర్చుకున్నాడు. ఎంత తెలివైన సాధన! 1941 డిసెంబరు 5న ఒక్క పోరులోనే ఐదు జర్మన్ స్టూకా బాంబర్లను నేలకూల్చాడు. 1943లో స్పిట్‌ఫైర్ ఎక్కి డార్విన్ మీద జపాన్ జీరో విమానాలతో తలపడ్డాడు.

అండమాన్ మీదా పెద్ద దాడులే జరిగాయి. 1944 జూన్ 21న పోర్ట్ బ్లెయిర్‌పై దాడికి బ్రిటిష్ విమానవాహక నౌక ఇలస్ట్రియస్ 57 విమానాలతో వచ్చింది. వాటిలో 42 కోర్సెయిర్ ఫైటర్లే.

అదే ఏడాది అక్టోబరులో కార్ నికోబార్ వంతు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా జనరల్ మెకార్థర్ సేనలు దిగబోతుండగా జపాన్ దృష్టి మళ్లించడానికి బ్రిటిష్ నౌకాదళం చేసిన దాడి అది. 19న గాలిలో ముఖాముఖి పోరు జరిగి, ఏడు జపాన్ విమానాలు, మూడు బ్రిటిష్ విమానాలు కూలాయి.

ఈ లెక్కలన్నీ పైలట్లవి. నేల మీద మాత్రం జపాన్ సైన్యం దీవివాసులతో వెట్టి చేయించి పోర్ట్ బ్లెయిర్ రన్‌వే వేయించింది. పైనుంచి బాంబు పడ్డప్పుడల్లా స్థానికుల్లోనే గూఢచారులున్నారన్న అనుమానం రగిలింది. డాక్టరూ కవీ అయిన దివాన్ సింగ్ 1944 జనవరి 14న సెల్యులార్ జైల్లో చిత్రహింసలకు బలయ్యారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. అక్కడిప్పుడు బలిదాన్ వేది అనే స్మారకం ఉంది. అండమాన్ వెళ్లే తెలుగువాళ్లు సెల్యులార్ జైలు చూసి వచ్చేయకుండా అక్కడా కాసేపు ఆగాలి.