పని బల్లకు పట్టించిన నూనె ఆరకపోతే

మా సొసైటీ వడ్రంగ శిక్షణ షెడ్డులోని పని బల్లలు దాతల సొమ్ముతో చేయించినవి. మా చేతిలో అవి అమానత్. అందుకే కిందటి వర్షాకాలం ముందు వాటికి అవిసె నూనె పట్టించాం, అదీ ధారాళంగా. మూడు వారాలైనా బల్లల జిగట వదలలేదు. రంపపు పొట్టు అతుక్కుపోయింది, పిల్లలు చేసే ప్రతి చెక్కకూ మరకలే.

నూనె నీళ్ళలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. మందంగా నిలిస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తేమ రోజుల్లో ఇంకా ఆలస్యం. దుకాణాల్లో డబుల్ బాయిల్డ్ పేరుతో దొరికే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు. ఇంట్లో పొయ్యిమీద కాచినంతలో ఆ గుణం రాదు, పైగా ప్రమాదం. కొబ్బరి నూనె సరిపోదా అని మమ్మల్ని అడిగినవారున్నారు. అది ఎన్నాళ్ళున్నా గట్టిపడదు.

జిగట మీద ఉప్పుకాగితం వేస్తే నిమిషంలో పూడుకుపోతుంది. ముందు తలుపులు తెరిచి, దగ్గర నిప్పు లేకుండా చూసుకుని, టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దాలి. వదలని చోట ఉక్కు రేకు అంచుతో గీకాలి. కొన్నాళ్ళు ఆరనిచ్చి, తేలిగ్గా ఉప్పుకాగితం పట్టి, నూనెను పలుచగా రాయాలి. పావుగంట తర్వాత పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. మేం మొదట చేయనిది ఇదొక్కటే. పని బల్లకు రెండు పూతలు చాలు. నున్నగా మెరిస్తే చెక్క జారుతుంది.

ఇక గుడ్డల సంగతి. శుభ్రం చేసిన రోజున నూనె గుడ్డలన్నీ ఉండచుట్టి గోనెసంచిలో కుక్కి మూలన పెట్టాం. అసర్ నమాజుకు వెళ్ళివచ్చేసరికి కమురు వాసన. సంచి ముట్టుకోలేనంత వేడెక్కింది. వెంటనే బయటికి లాగి నీళ్ళు పోశాం. గోడ అవతలే పిల్లలు పడుకునే గది.

అగ్గిపుల్ల గీయనక్కరలేదు. ఆరేటప్పుడు నూనె వేడి పుట్టిస్తుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది, ఉండలో పోయే దారి లేక పెరిగి దానంతటదే అంటుకుంటుంది. టర్పెంటైన్ లేకపోయినా, వట్టి అవిసె నూనెతోనే ఇలా జరుగుతుంది.

ఇప్పుడు ప్రతి గుడ్డనూ విడివిడిగా ఆరుబయట తీగపై వేసి, అట్టలా బిగిసిన తర్వాతే పారేస్తున్నాం. వాన పడితే మూత ఉన్న డబ్బాలో నీళ్ళలో ముంచి ఉంచుతాం. తాళం వేసే వంతు వచ్చిన కుర్రవాడు ముందు షెడ్డు మూలలు చూసి రావాలి.