పాతరగడ్డికి మూత

పచ్చజొన్నను ముక్కలు చేసి పాతరవేసిన రైతు వేసవిలో తెరచి చూడగా, పైపొర నల్లబడి బూజుపట్టియుండుట మన గ్రామములలో అరుదు కాదు. ఈ నష్టము తరచుగా మూతవద్దనే మొదలగును.

గాలి లేనిచోట మేతలోని చక్కెర పులిసి లాక్టిక్ ఆమ్లమగును. ఆ పులుపే మేతను నిలువయుంచును. గాలి చొరబడినచో మేత వేడెక్కి, బూజు పెరిగి, సారము పోవును. అందుచే పొరపొరను గట్టిగా త్రొక్కించి, పాతర నిండిన నాడే కప్పవలెను.

నేలమట్టమునకు పైగా, నడుమ ఉబ్బెత్తుగా పేర్చినచో వాననీరు నిలువదు. పాలిథీన్ పట్టాల అంచులు ఒకదానిపై నొకటి మూరెడు మేర ఎక్కియుండవలెను. పైన మట్టి గాని ఇసుక బస్తాలు గాని బరువుగా ఉంచవలెను. పట్టా కొనలేనివారు వరిగడ్డి పరచి, మట్టి, పేడ కలిపి మెత్తవచ్చును. అయితే మేత క్రుంగినకొలది మెత్తుడు బీటలువారును. బీట కనబడిన నాడే పూడ్చవలెను. ఎలుక చేసిన చిల్లునకును ఇదియే విధి.

పంచాయతీ ఉమ్మడి పాతర త్రవ్వించినచో, వారమున కొకసారి మూతను చూచు పనిని ఒక సభ్యునికే అప్పగించుట మంచిదని మా అభిప్రాయము. అందరును చూతురనుకొన్న బీటను ఎవరును చూడరు గదా!

సుమారు 45 దినములకు మేత సిద్ధమగును. ఒక ప్రక్కనుండియే తెరచి, ప్రతిదినము జానెడు మందమైనను తీసి, వెంటనే కప్పవలెను. బూజుపట్టినదానిని ఏరి పారవేయవలెను; అది తిన్న చూడిపశువునకు చూలు పోవు ప్రమాదము గలదు.