పాఠం 7: వేషాన్ని బట్టి ఆయుధాన్ని ఊహించగలమా? సూచికలు, అనుమానం, సంభావ్యత

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక బాహ్య చిహ్నం ఎప్పుడు సాక్ష్యమవుతుందో, ఎప్పుడు కాదో వివరించగలుగుతారు.
• ఒక సూచికను తూచడానికి అవసరమైన మూడు ప్రశ్నలను చెప్పగలుగుతారు.
• మూల సంభావ్యతను విస్మరిస్తే జరిగే పొరపాటును లెక్కతో చూపగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

కొన్నేళ్ల కిందట నడుం నొప్పికి డాక్టరు గట్టి బెల్టు కట్టుకోమన్నారు. చొక్కా కింద అది కట్టుకొని ఒక పెద్ద దుకాణ సముదాయానికి వెళ్లాను. గుమ్మం దగ్గర తనిఖీ చేస్తున్న కాపలాదారు చెయ్యి నా నడుం దగ్గరకు వచ్చి ఆగిపోయింది. పక్కకు పిలిచి చొక్కా ఎత్తి చూపమన్నాడు. చూపాను. "ఏమనుకోకండి సార్" అన్నాడు. అతని పని అతను చేశాడు, అందులో తప్పేమీ లేదు. కానీ నా వెనక వరుసలో నిలబడిన వాళ్లు నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఒక చిహ్నాన్ని చూసి, కనిపించని వస్తువు గురించి నిర్ణయానికి రావడాన్ని మన తర్కశాస్త్రం 'అనుమానం' అంటుంది. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, ఊహించి తెలుసుకునే ఒక ప్రమాణం. కొండ మీద పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం నైయాయికులు తరచుగా ఇచ్చే ఉదాహరణ. ఈ పాఠంలో మనం తీసుకునే ఉదాహరణ అమెరికాకు చెందినది. అక్కడ చాలామంది పౌరులు చట్టబద్ధంగా పిస్తోలును దుస్తుల కింద దాచి వెంట తీసుకువెళ్తారు. 2024 నాటికి 29 రాష్ట్రాలలో ఇందుకు ప్రత్యేక అనుమతి పత్రం కూడా అవసరం లేదు. అందువల్ల అక్కడ ఒక ప్రశ్న సహజంగానే పుట్టింది: మనిషి ధరించిన టోపీ, బెల్టు, సంచి వంటి మామూలు వస్తువులను చూసి అతని దగ్గర తుపాకి ఉందో లేదో చెప్పగలమా?

7.2 మూడు రకాల సూచికలు

జనం చెప్పే సూచికలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. వాటిని మూడు రకాలుగా విభజించుకుందాం.

(అ) అభిరుచి సూచికలు: తుపాకుల కంపెనీ గుర్తు ఉన్న టోపీ, కారు మీద అటువంటి స్టిక్కరు, ఎక్కువ జేబులున్న ప్యాంటు, ఫోటోగ్రాఫర్లు వేసుకునే రకం చేతులు లేని కోటు. ఇవి ఆ మనిషి ఇష్టాలను చెబుతాయి. ఇష్టం ఉండటం వేరు, ఆ క్షణంలో నడుముకు ఆయుధం ఉండటం వేరు. తుపాకి సొంతంగా ఉన్నవారిలో కూడా చాలామంది దానిని ఇంట్లోనే ఉంచుతారు.

(ఆ) భౌతిక సూచికలు: వీటికి ఆయుధంతో కార్యకారణ సంబంధం ఉంది. అక్కడ విరివిగా వాడే గ్లాక్ 19 పిస్తోలు తూటాలతో కలిపి సుమారు 850 గ్రాములు తూగుతుంది. ఆ బరువును మామూలు మెత్తటి బెల్టు సరిగా మోయలేదు, కాబట్టి మందమైన బెల్టు కావాలి. వస్తువు ఆకారం చొక్కా మీద ఉబ్బుగా కనబడవచ్చు. తుపాకులు ధరించేవారు దీనిని 'ప్రింటింగ్' అంటారు. అయితే అదే ఉబ్బు మొబైలు పౌచి వల్ల, ఇన్సులిన్ పంపు వల్ల, నా వంటివాడి నడుం బెల్టు వల్ల కూడా రావచ్చు.

(ఇ) ప్రవర్తన సూచికలు: నడుం దగ్గర మాటిమాటికి తడుముకోవడం, వంగేటప్పుడు ఒక పక్కను కాపాడుకోవడం వంటివి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత మీకు తెలుసు. సామెత బాగానే ఉంది గాని, ఆ గుంపులో భుజం నొప్పి ఉన్నవాడు కూడా తడుముకుని ఉండవచ్చు కదా!

7.3 సూచికను తూచే మూడు ప్రశ్నలు

ఏ సూచికనైనా నమ్మేముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఆయుధం ఉన్నవారిలో ఎంతమందికి ఈ సూచిక ఉంటుంది?
2. ఆయుధం లేనివారిలో ఎంతమందికి ఇదే సూచిక ఉంటుంది?
3. ఆ ప్రదేశంలో మొత్తం మీద ఎంతమంది దగ్గర ఆయుధం ఉంటుంది?

మనం సాధారణంగా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. "ఆ రకం కోటు వేసుకునేవాళ్ల దగ్గర తుపాకులుంటాయి" అనే మాటలో రెండవ, మూడవ ప్రశ్నలకు చోటే లేదు. నైయాయికులు రెండవ ప్రశ్నను ఎప్పుడో గుర్తించారు. సాధ్యం లేని చోట కూడా కనబడే హేతువును వారు 'సవ్యభిచారం' లేదా 'అనైకాంతికం' అని పిలిచి హేత్వాభాసాలలో చేర్చారు. నిప్పు లేనిచోట పొగ ఉండదు, కాబట్టి పొగ మంచి హేతువు. తుపాకి లేనిచోట మందమైన బెల్టు ఉండవచ్చు, కాబట్టి అది అనైకాంతికం.

మూడవ ప్రశ్నకు జవాబునే 'మూల సంభావ్యత' అంటాం. దాని ప్రభావాన్ని ఒక లెక్క ద్వారా చూద్దాం. ఇందులోని అంకెలు బోధన కోసం ఊహించినవి మాత్రమే.

ఒక బజారులో 1000 మంది ఉన్నారనుకోండి. వారిలో 50 మంది (5 శాతం) దగ్గర ఆయుధం ఉంది. ఆయుధం ఉన్నవారిలో 40 శాతం, లేనివారిలో 10 శాతం ఒక ప్రత్యేకమైన కోటు వేసుకుంటారు.

• ఆయుధం ఉండి కోటు వేసుకున్నవారు: 50లో 20 మంది.
• ఆయుధం లేకుండా కోటు వేసుకున్నవారు: 950లో 95 మంది.
• కోటు వేసుకున్నవారు మొత్తం: 115 మంది.
• వారిలో నిజంగా ఆయుధం ఉన్నవారు: 115లో 20, అంటే సుమారు 17 శాతం.

దీనినుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, కోటు పూర్తిగా పనికిరాని సూచిక కాదు. అది సంభావ్యతను 5 నుంచి 17 శాతానికి పెంచింది. రెండవది, అయినా కోటును నమ్మి వేలు చూపిన ప్రతి ఆరుగురిలో సుమారు ఐదుగురి విషయంలో మనం పొరబడతాం. మూడవది, ఆయుధం ఉన్న 50 మందిలో 30 మంది కోటు లేకుండానే మన ముందు నుంచి వెళ్లిపోతారు.

ఇప్పుడు మూల సంభావ్యతను 5 శాతం నుంచి అర శాతానికి తగ్గించండి. ఆయుధం ఉన్నవారు 5 మంది, వారిలో కోటు ఉన్నవారు ఇద్దరు. లేనివారు 995 మంది, వారిలో కోటు ఉన్నవారు సుమారు 100 మంది. అంటే 102లో ఇద్దరు, సుమారు 2 శాతం. కోటు మారలేదు, మనుషుల అలవాట్లు మారలేదు, ఊరు మాత్రమే మారింది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోకూడదు. కాబట్టి అమెరికాలో ఒక ఊరికి సరిపోయే ఊహను హైదరాబాదు బజారుకు తెచ్చి వాడితే ఎంత తేడా వస్తుందో మీరే ఆలోచించండి.

7.4 న్యాయస్థానాల అనుభవం

ఇది కేవలం లెక్కల సమస్య కాదు. ఇలాంటి ఊహల ఆధారంగా మనుషులను ఆపి ఒళ్లు తడిమిన చరిత్ర ఉంది.

టెర్రీ కేసు (1968): 1963లో క్లీవ్‌లాండ్ నగరంలో మెక్‌ఫాడెన్ అనే డిటెక్టివ్, ఇద్దరు వ్యక్తులు ఒక దుకాణం ముందు పదేపదే అటూ ఇటూ నడుస్తూ లోపలికి తొంగి చూడటం గమనించాడు. వారిని ఆపి పైపైన తడిమితే పిస్తోళ్లు దొరికాయి. అమెరికా సుప్రీంకోర్టు ఆ తనిఖీని సమర్థించింది. అయితే అతను ఆధారపడింది వారి కోటు మీద కాదు, తన కళ్ల ముందు జరిగిన ప్రవర్తనా క్రమం మీద.

మిమ్స్ కేసు (1977): గడువు తీరిన నంబరు ప్లేటు వల్ల ఆపిన కారు నుంచి దిగిన వ్యక్తి కోటు కింద పెద్ద ఉబ్బు కనబడింది. తడిమితే రివాల్వరు దొరికింది. భౌతిక సూచిక ఇక్కడ చెల్లింది.

జె.ఎల్. కేసు (2000): మయామీ ప్రాంతంలో బస్టాపు దగ్గర గళ్ల చొక్కా వేసుకున్న యువకుడి దగ్గర తుపాకి ఉందని పేరు చెప్పని వ్యక్తి ఫోన్ చేశాడు. పోలీసులు వెళ్లి తడిమితే తుపాకి నిజంగానే దొరికింది. అయినా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తనిఖీ చెల్లదన్నది. గళ్ల చొక్కా ఆ మనిషి ఎవరో గుర్తుపట్టడానికి పనికొస్తుంది గాని, అతని దగ్గర తుపాకి ఉందనడానికి రుజువు కాదు. ఫలితం సరైనదైనంత మాత్రాన దారి సరైనది కాదన్నది ఈ కేసు నేర్పే పాఠం.

ఫ్లాయిడ్ కేసు (2013): న్యూయార్క్ పోలీసులు 2004 జనవరి నుంచి 2012 జూన్ వరకు 44 లక్షలకు పైగా సార్లు జనాన్ని ఆపారు. అందులో సుమారు 23 లక్షల సార్లు ఒళ్లు తడిమారు. వాటిలో 98.5 శాతం సార్లు ఏ ఆయుధమూ దొరకలేదు. పోలీసులు నింపే ఫారంలో 'అనుమానాస్పదమైన ఉబ్బు' అని టిక్కు పెట్టడానికి ఒక గడి ఉండేది. ఆ కారణం చూపి ఆపిన ప్రతి 69 సందర్భాలకు దొరికింది ఒక్క తుపాకి అని ఇదే కేసులో 2012లో వెలువడిన ఉత్తర్వు పేర్కొంది. ఆపినవారిలో 52 శాతం నల్లజాతివారు, 31 శాతం హిస్పానిక్‌లు. ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధంగా అమలైందని న్యాయమూర్తి షిరా షైండ్లిన్ తీర్పు చెప్పారు.

మిమ్స్ దగ్గర నిలిచిన ఉబ్బు న్యూయార్క్‌లో ఎందుకు విఫలమైంది? అప్పట్లో న్యూయార్క్‌లో తుపాకి వెంట ఉంచుకోవడానికి అనుమతి దొరకడం చాలా కష్టం. ఆ నిబంధనను సుప్రీంకోర్టు 2022లో బ్రూయెన్ కేసులో కొట్టివేసింది. అంటే ఆ కాలంలో మూల సంభావ్యత తక్కువ. పైగా మిమ్స్ ఒక్క సందర్భం, న్యూయార్క్ లక్షల సందర్భాలు. ఒక్క విజయాన్ని చూసి సూచిక బలాన్ని నిర్ణయించకూడదు.

7.5 సూచికలపై నమ్మకం ఎందుకు చెక్కుచెదరదు?

ఇన్నిసార్లు తప్పుతున్నా "నేను చూడగానే కనిపెడతాను" అనేవారు తగ్గరు. కారణం మన లెక్కలోనే ఉంది. కోటు ఉండి, తుపాకి బయటపడిన సందర్భం గుర్తుండిపోతుంది. కోటు ఉండి తుపాకి లేని మనిషిని మనం అడగం, కాబట్టి తప్పు తెలియదు. కోటు లేకుండా తుపాకి పెట్టుకుని పక్కనే నిలబడినవాడు మన కంటికి ఆనడు, కాబట్టి అతను లెక్కలోకే రాడు. తప్పులు కనబడని చోట నమ్మకం తనంతట తానే పెరుగుతుంది.

ఇంకొక కారణం, సూచికలు నిలకడగా ఉండవు. ఒక రకం కోటు తుపాకికి గుర్తు అని అందరికీ తెలిసిన మరునాటి నుంచి, దాచుకోదలచినవారు దానిని మానేస్తారు. సరదాకు వేసుకునేవారు మాత్రం మిగులుతారు. అలా ప్రచారమైన కొద్దీ సూచిక బలహీనపడుతుంది.

7.6 సారాంశం

రోజువారీ వస్తువులు ఆయుధాన్ని గురించి కొంత చెబుతాయి గాని, నిర్ధారించవు. అభిరుచి సూచికలకన్నా భౌతిక సూచికలు బలమైనవి. ప్రవర్తనా క్రమం వాటితో కలిస్తే ఇంకా బలం. వేటినైనా మూల సంభావ్యతతో కలిపే తూచాలి. పైగా ఆయుధం ఉండటమే నేరం కాని చోట, సూచిక నిజమైనా అది దురుద్దేశానికి రుజువు కాదు. మనం పొరబడితే దాని మూల్యం చెల్లించేది మనం కాదు, వరుసలో నుంచి పక్కకు పిలవబడిన మనిషి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'సవ్యభిచారం' అంటే ఏమిటి?
2. 2000 మందిలో 100 మంది దగ్గర ఆయుధం ఉంది. ఆయుధం ఉన్నవారిలో 30 శాతానికి, లేనివారిలో 10 శాతానికి ఒక సూచిక ఉంది. సూచిక ఉన్నవారిలో ఆయుధం ఉన్నవారెంత శాతం?
3. జె.ఎల్. కేసులో తుపాకి దొరికినా తనిఖీ ఎందుకు చెల్లలేదు?

సమాధానాలు

1. సాధ్యం లేని చోట కూడా కనబడే హేతువు.
2. ఆయుధం ఉండి సూచిక ఉన్నవారు 30, లేకుండా సూచిక ఉన్నవారు 190. మొత్తం 220లో 30, సుమారు 14 శాతం.
3. చొక్కా వర్ణన మనిషిని గుర్తించడానికి తోడ్పడింది గాని, ఆయుధం ఉందనడానికి ఆధారం కాలేదు.

అభ్యాసం

మీ ఊరిలో జనం ఒక మనిషి వేషం, యాస లేదా నడకను చూసి చేసే ఒక ఊహను ఎంచుకోండి. 7.3లోని మూడు ప్రశ్నలను దానికి వేసి, జవాబులను 15 పంక్తులలో రాయండి. మూడింటిలో దేనికి జవాబు మీకు తెలియదో అది కూడా నిజాయితీగా రాయండి.